అక్కకి ఫ్రీ, తమ్ముడికి టికెట్: నూజివీడు వైపు బడి ప్రయాణం లెక్క

ఈ ఎపిసోడ్‌లో బడికి వెళ్లే దారి ఖర్చు గురించి మాట్లాడుకుందాం. ఫీజు గురించి అందరూ మాట్లాడతారు, పుస్తకాల గురించి మాట్లాడతారు. ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా అయ్యే ఖర్చు ఎవరు పెడుతున్నారు, అది ఎందుకు పెరుగుతోంది అన్నది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

దసరా సెలవులు అయ్యాక మా పిన్ని వాళ్ల ఊరి నుంచి నూజివీడు వైపు వచ్చే పల్లెవెలుగు ఎక్కాం, నేనూ, పిన్ని కొడుకూ. నాకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. ఆధార్ చూపించగానే నాకు సున్నా టికెట్ వచ్చింది. వాడికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి, వీపు మీద బడి బ్యాగు. వాడికి మాత్రం డబ్బులు పెట్టి టికెట్ కొట్టాల్సి వచ్చింది. "పోయినేడాది దాకా నాకూ ఫ్రీ పాసే అక్కా" అన్నాడు. కండక్టర్ గారిని అనడానికేం లేదు, రూల్ అలాగే ఉంది.

ఆ రూల్ ఏంటో ముందు చూద్దాం. ఏపీఎస్ ఆర్టీసీలో విద్యార్థుల ఉచిత పాసు అమ్మాయిలకైతే పదో తరగతి దాకా, అంటే 18 ఏళ్లలోపు ఇస్తారు. అబ్బాయిలకు ఏడో తరగతి దాకా, అది కూడా 12 ఏళ్లలోపే. ఆ తర్వాత అబ్బాయి రాయితీ పాసు కొనుక్కోవాలి. దీని మీదకి 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లందరికీ టికెట్ లేదు. అంటే మన అమ్మాయిలకి పాసు గొడవే పోయింది, గుర్తింపు కార్డు చాలు. ఇది మంచి విషయం, ఇందులో నాకు రెండో మాట లేదు. ఇంటర్‌కి, డిగ్రీకి రోజూ విజయవాడో ఏలూరో వెళ్లొచ్చే అమ్మాయి ఉన్న ఇంట్లో అడగండి, అది ఎంత పెద్ద విషయమో చెప్తారు.

కానీ విద్యాహక్కు చట్టం ఏం చెప్తోంది? 2009 నాటి ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా వర్తిస్తుంది. మూడో సెక్షన్‌లో, చదువు పూర్తి చేయడానికి అడ్డుపడే ఏ ఫీజూ, ఏ ఛార్జీ, ఏ ఖర్చూ పిల్లల మీద పడకూడదని ఉంది. గమనించండి, ఫీజు అని రాసి ఆపలేదు, ఖర్చు అనే మాట కూడా ఉంది. మరి చట్టంలో ఎనిమిదో తరగతి దాకా ఉన్నది, బస్సు దగ్గరికి వచ్చేసరికి మగపిల్లాడికి 12 ఏళ్లకే ఆగిపోతోంది. ఐదేళ్లకి ఒకటో తరగతిలో చేరిన అబ్బాయికి ఏడులో ఉండగానే 12 నిండుతాయి. ఇంకా ఏడాదికి పైగా చదువు చట్టం లెక్కలో ఉచితం, బస్సు లెక్కలో కాదు.

సరే, రాయితీ పాసు కొనుక్కుంటే అయిపోతుంది కదా అంటారు. నిజమే. మామూలు టికెట్‌తో పోలిస్తే పాసు చవకే. మా పిన్ని చెప్పేదేంటంటే, పాసు ధర ఆవిడకి పెద్ద బాధ కాదు. ఊళ్లోకి వచ్చే బస్సు బడి టైంకి కలవదు, అదీ బాధ. బడి 9 గంటలకి. బస్సు వచ్చేది బెల్లు కొట్టాక. అందుకని పొద్దున పూట షేర్ ఆటో, సాయంత్రం దొరికితే బస్సు. ఆటోకి నెలకి 900 ఇస్తోంది. ఈ 900 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు బస్సు టైంకి ఎందుకు రాదు అనే ప్రశ్నకి వద్దాం. దీన్ని డ్రైవర్ మీదో డిపో మీదో తోసేస్తే మనకి ఏమీ అర్థం కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆర్టీసీ బస్సు లీటరు డీజిల్‌కి సుమారు 5 కిలోమీటర్లు నడుస్తుంది. మన రాష్ట్రంలో లీటరు 97 రూపాయల దగ్గర ఉంది అనుకోండి. మెయిన్ రోడ్డు నుంచి లోపలి ఊరికి 12 కిలోమీటర్లు, వెళ్లి రావడం 24. దాదాపు 5 లీటర్లు, అంటే 465 రూపాయల డీజిల్. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేస్తే 930. ఇది ఒట్టి డీజిలే. డ్రైవర్, కండక్టర్, టైర్లు, బస్సు ఖరీదు ఇంకా కలపలేదు. ఆర్టీసీలో ఈపీకే అని ఒక మాట ఉంటుంది, కిలోమీటరుకి ఎంత సంపాదన వచ్చింది అని. పిల్లల పాసులతో కిటకిటలాడే బస్సుకి ఈపీకే తక్కువే ఉంటుంది. బస్సు నిండా జనం, సంచిలో డబ్బుల్లేవు. ఆ రాయితీ సొమ్ము ప్రభుత్వం తర్వాత ఎప్పుడో సర్దుబాటు చేయాలి. అది ఆలస్యమైనా, తక్కువ పడినా, మొదట కోత పడేది ఇలాంటి లోపలి రూట్ల మీదే. రాత్రి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు మీ ఊళ్లో ఒకప్పుడు ఉండేదా? పెద్దవాళ్లని అడిగి చూడండి. హైస్కూలుకీ కాలేజీకీ వెళ్లే పిల్లలకి చాలా ఊళ్లలో అదే ఫస్ట్ బస్సు.

డీజిల్ అన్నాను కదా, ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. 2013 జనవరిలో కేంద్రం డీజిల్‌ని రెండు ధరలు చేసింది. మామూలు బంకులో ఒక ధర, టోకుగా కొనే ఆర్టీసీల్లాంటి వాళ్లకి మార్కెట్ ధర, అంటే ఎక్కువ. మామూలుగా ఎక్కువ కొంటే తగ్గించి ఇస్తారు, ఇక్కడ ఎక్కువ కొన్నందుకు ఎక్కువ. 2022 మార్చిలో మళ్లీ అదే పరిస్థితి వచ్చి, టోకు ధర లీటరుకి 25 రూపాయల దాకా పెరిగింది. అప్పుడు ఆర్టీసీ బస్సులు డిపోలో సొంత బంకు పెట్టుకుని కూడా బయట బంకుల్లో లైన్లో నిలబడి ఆయిల్ కొట్టించుకున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 14న డీజిల్ సెస్సు వేశారు, పల్లెవెలుగులో కనీస టికెట్ 10 రూపాయలైంది. జులై 1న సెస్సు ఇంకా పెంచారు, ఈసారి విద్యార్థుల పాసుల మీదా పడింది. తెలంగాణలోనూ అదే జూన్‌లో విద్యార్థి పాసులు బాగా పెరిగాయి, 2025 జూన్‌లో మరోసారి పెరిగితే పిల్లలు రోడ్డెక్కారు.

ఇక ప్రభుత్వం వైపు చూస్తే, 2020 జనవరి 1న ఏపీఎస్ ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, జీతాల భారం ఖజానాకి చేరింది. స్త్రీ శక్తికి ఏటా దాదాపు 1,950 కోట్లు అవుతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. కాబట్టి ఖజానా పెట్టే ఖర్చు పెరుగుతోంది అన్నది నిజం.

అయితే డీజిల్, జీతాలు, ఉచిత టికెట్ ఇవన్నీ అందరికీ కనిపించేవి. నేను అసలు చెప్పాలనుకున్నది కనిపించని నాలుగోది. దూరం. బడి ఎక్కడుండాలి అని ఒక శాఖ నిర్ణయిస్తుంది, అక్కడికి పిల్లాడు ఎలా వెళ్లాలి అన్నది మాత్రం వేరే శాఖ పుస్తకంలోనో, అమ్మ చీర కొంగు ముడిలోనో తేలుతుంది.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 గుర్తుందా? అప్పుడు మీలో కొందరు హైస్కూల్లో ఉండి ఉంటారు. ప్రాథమిక బడుల్లో 3, 4, 5 తరగతుల్ని దగ్గరున్న హైస్కూళ్లకి తరలించారు. ఆ జులైలో చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. ఎనిమిదేళ్ల పిల్లని అంత దూరం ఎలా పంపాలి అని. ప్రభుత్వం మారాక 2025 మే నెలలో ఆ జీవోని పక్కనపెట్టి కొత్త జీవోలు ఇచ్చారు, తొమ్మిది రకాల బడులు, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు అని. దీన్లోనూ కొందరు పిల్లలు తమ ఊరి బడి నుంచి పక్క ఊరి బడికి వెళ్లాల్సి వచ్చింది. రెండు ప్రభుత్వాలు, ఒకరి పద్ధతి ఒకరికి పడదు, కానీ రెండుసార్లూ నడిచింది పిల్లలే.

తరలింపు మొత్తం తప్పు అని నేను అనను. ఐదు తరగతులకీ కలిపి ఒక్క టీచర్ ఉన్న బడిలో మా అమ్మ చదువుకుంది. ఆ రోజుల్లో నేర్చుకున్న దానికంటే బోర్డు తుడిచిందే ఎక్కువ అంటుంది. తరగతికో టీచర్ కావాలి. కాకపోతే బడి జరిపే జీవోలోనే బండి సంగతి కూడా రాయాలి కదా!

రాశారండి, కొంత రాశారు. దాని పేరు రవాణా భత్యం, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్. ప్రాథమిక తరగతులకి ఒక కిలోమీటరు లోపల, 6 నుంచి 8 తరగతులకి మూడు కిలోమీటర్ల లోపల, హైస్కూలుకి ఐదు కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నది లెక్క. అది లేని చోట సమగ్ర శిక్ష కింద పిల్లవాడికి ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. 2021లో పథకాన్ని పొడిగించినప్పుడు దీన్ని హైస్కూలు వాళ్లకీ వర్తింపజేశారు. పది నెలల చదువుకి భాగిస్తే నెలకి 600. మా పిన్ని ఆటోకి ఇస్తున్నది ఎంత? 900. అది కూడా ఆటో అతనికి ఒకటో తారీఖున ఇవ్వాలి, భత్యం వచ్చినప్పుడు ఇస్తానంటే కుదరదు.

ఇప్పుడు ఒక ఊహ లెక్క. ఒక చిన్న ఊరి బడిలో 15 మంది పిల్లలున్నారు, వాళ్లని పక్క ఊరికి పంపారు. ఒక్కొక్కరికి 900 చొప్పున పది నెలలకి మొత్తం 1,35,000. ప్రభుత్వం 600 చొప్పున ఇచ్చేది 90,000. మిగతా 45,000 ఆ పదిహేను ఇళ్లు పెట్టుకుంటాయి. అటువైపు ఆ బడిలో పనిచేసిన సెకండరీ గ్రేడ్ టీచర్‌ని ఇంకో బడిలో సర్దుతారు, అక్కడ కొత్త పోస్టు నింపే పని తప్పుతుంది. ఎస్‌జీటీ మూల వేతనం 32,670తో మొదలవుతుంది. డీఏ, హెచ్ఆర్ఏ వదిలేసి చూసినా ఏడాదికి 3,92,000. అంటే పిల్లల ప్రయాణ ఖర్చు పూర్తిగా పెట్టినా ఖజానాకి ఇంకా రెండున్నర లక్షలు మిగులుతాయి. డబ్బు లేక కాదు, మిగిలిన డబ్బు ఒక ఖాతాలో, ఖర్చు ఇంకో ఖాతాలో ఉండటం వల్ల ఆ 45,000 ఆ ఇళ్ల మీద పడుతోంది.

దూరం కొలవడం ఇంకో కథ. మన నూజివీడు వైపు ఊళ్లు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎటు వెళ్లినా ఊరికీ ఊరికీ మధ్య మామిడి తోటలు. తోటల మధ్య డొంక దారిన పోతే ఒక దూరం, రోడ్డు చుట్టూ తిరిగితే దానికి రెండు మూడు రెట్లు. కాగితం మీద డొంక దూరం వేస్తే పిల్లవాడు కిలోమీటరు లోపలే ఉంటాడు, భత్యం రాదు. వాన పడితే ఆ డొంకలో మోకాలి లోతు బురద. ఎండాకాలం పాముల భయం. ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా అందులో నడవాలి అని ఏ అధికారీ నోటితో అనడు, కానీ కొలత ఆ మాటే అంటుంది.

ఈ డొంక గొడవ మన ఒక్కరిదే అనుకోకండి. ఇంగ్లండ్‌లో 1944 చట్టం ప్రకారం 8 ఏళ్లలోపు పిల్లలకి రెండు మైళ్లు, పైవాళ్లకి మూడు మైళ్లు నడక దూరం. అది దాటితే బండి ప్రభుత్వమే పెట్టాలి. ఎసెక్స్ కౌంటీలో ఒక అమ్మాయికి రోడ్డు దారి మూడు మైళ్లు దాటుతుంది. పొలాల మధ్య, దీపాల్లేని మట్టి దారిలో అయితే 2.94 మైళ్లు. తేడా సుమారు వంద మీటర్లు! కౌన్సిల్ బండి ఇవ్వనంది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది, 1986లో తీర్పు కౌన్సిల్ వైపే వచ్చింది. పెద్దవాళ్లు తోడుగా వస్తే పిల్ల ఆ దారిన క్షేమంగా నడవగలదు కాబట్టి అది దారే అన్నారు. తోడు వచ్చే పెద్దవాళ్ల కూలి ఎవరిస్తారు అనేది ఎవరి లెక్కలోనూ లేదు. మన దగ్గర కూలికి పోయే తల్లికి పొద్దున గంట పోతే ఆ రోజు పనే పోతుంది. అదే ఇంగ్లండ్‌లో ఇప్పుడు కౌన్సిళ్లు బడి ప్రయాణాలకి పెట్టే ఖర్చు 2023-24లో 230 కోట్ల పౌండ్లు. అందులో పెద్ద భాగం ప్రత్యేక అవసరాలున్న పిల్లలని టాక్సీల్లో పంపడానికి. మనకి ఆ పిల్లలకి భవిత కేంద్రాలు, వాటికి వెళ్లడానికి రవాణా, ఎస్కార్ట్ భత్యాలు ఉన్నాయి. అది వేరే ఎపిసోడ్ అంత విషయం, ఇక్కడ కుదించి చెప్తే అన్యాయం చేసినట్టవుతుంది.

మామిడి తోటల దగ్గర ఇంకో సంగతి ఉంది, అది ఏ జీవోలోనూ ఉండదు. మన దగ్గర చాలా తోటలు పూత మీదే వ్యాపారికి అమ్మేస్తారు. అక్కడి నుంచి కాయ దిగేదాకా తోటలో పాక వేసుకుని కాపలా ఉండే కుటుంబాలుంటాయి. పిల్లల్ని కూడా వెంట తెచ్చుకుంటారు. బడి రిజిస్టర్లో వాళ్ల అడ్రస్ ఊళ్లో ఇల్లే. ఏప్రిల్ చివర వేసవి సెలవులిచ్చేదాకా, అంటే సరిగ్గా పరీక్షల రోజుల్లో, ఆ పిల్లలు తోట లోపలి నుంచి నడిచి రావాలి. కాగితం మీద వాళ్ల దూరం మాత్రం మారదు. రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయ ఎక్కడెక్కడికో లారీల్లో పోతాయి. కాయ కోసం తోట గట్టు దాకా బండి వస్తుంది, పిల్ల కోసం మెయిన్ రోడ్డు దాకా కూడా కష్టం.

మరి బస్సు తప్ప దారి లేదా అంటే, ఉంది. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి అమ్మాయికీ సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో అమ్మాయిల చేరిక దాదాపు 30 శాతం పెరిగింది, అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకి పైన ఉన్న ఊళ్లలో ఈ ఫలితం బాగా ఎక్కువ. మన రాష్ట్రంలోనూ 2017లో బడికొస్తా పేరుతో అమ్మాయిలకి సైకిళ్లిచ్చారు. నాలుగైదు కిలోమీటర్ల దూరానికి సైకిల్ మంచి జవాబు. పదికి పైన అయితే కాదు. రెండో తరగతి పిల్లకీ కాదు.

కాబట్టి మీ ఇంట్లోనో పక్కింట్లోనో బడికి దూరం వెళ్లే పిల్లలుంటే ఇలా చేయండి. బడికి వెళ్లి హెచ్ఎం గారిని మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. మా వాడి పేరు రవాణా భత్యం జాబితాలో ఉందా అండీ? దూరం ఎంతని రాశారు? చాలామంది మొదటిది అడుగుతారు, రెండోది అడగరు. దూరం తక్కువ రాసి ఉంటే, మీ చేతిలో ఫోన్ ఉంది కదా, ఇంటి నుంచి బడికి పిల్లవాడు నిజంగా వెళ్లే రోడ్డు దారిని మ్యాప్‌లో పెట్టి స్క్రీన్‌షాట్ తీయండి. వాన రోజున డొంక ఫొటో ఒకటి తీయండి. బడి యాజమాన్య కమిటీలో మీ అమ్మానాన్నల్లో ఎవరైనా సభ్యులైతే కమిటీ తీర్మానం రాయించండి. ఒంటరి అర్జీ కంటే తీర్మానానికి బరువు ఎక్కువ. సోమవారం పూట పీజీఆర్ఎస్‌లో ఇవ్వొచ్చు. కలెక్టరేట్ ఏలూరులో అని ఆగిపోకండి, నూజివీడులో సబ్ కలెక్టర్ ఆఫీసు ఉంది.

బస్సు టైం గురించి అయితే అర్జీ డిపో మేనేజర్‌కి వెళ్లాలి. డయల్ యువర్ డీఎం అని డిపోలు పెడుతుంటాయి, ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ "మా ఊరికి బస్సు కావాలి" అని ఊరికే చెప్తే పని కాదు. ఆ రూట్‌లో ఎంతమంది పిల్లలు, ఏయే బడులు, బెల్లు ఎన్నింటికి, ఇప్పుడు బస్సు ఎన్నింటికి వస్తోంది, పేర్లూ తరగతులతో కాగితం మీద పెట్టండి. కొత్త బస్సు అడగడం కంటే ఉన్న బస్సుని అరగంట ముందుకి జరపమని అడగడం తేలిక, డిపోకి అదనంగా డీజిల్ ఖర్చు కూడా ఉండదు. మా పిన్ని వాళ్ల ఊళ్లో 31 మంది పేర్లు రాశాం. పిల్లలే ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు.

ఆ అర్జీ ఎలా రాశామో, దానికి ఏమేం కాగితాలు జత చేశామో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటానండీ.